మార్ఫా ఎడారిలో వంద పెట్టెలు: నాన్నతో వెళ్లొచ్చిన అనుభవం

టెక్సాస్‌లో ఉండే తెలుగువాళ్లకి ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే తిప్పే రూటు ఒకటి ఖాయంగా ఉంటుంది. శాన్ ఆంటోనియో రివర్ వాక్, హ్యూస్టన్ నాసా, పేర్‌ల్యాండ్ మీనాక్షి అమ్మవారి గుడి. మావాళ్లకి అవన్నీ పోయినసారే అయిపోయాయి. ఈసారి మార్ఫా వెళ్దామన్నాను.

"అక్కడ ఏముంది?" అంది అమ్మ.

"పెట్టెలు. అల్యూమినియంవి. ఖాళీవి."

అమ్మ మా బాబుని చూసుకుంటూ ఇంట్లోనే ఉంటానంది. నాన్న మాత్రం "ఎంత మందం?" అని అడిగారు.

ఆ ప్రశ్న ఊరికే రాలేదు. నాన్న చాలా ఏళ్లు బాలానగర్‌లో షీట్ మెటల్ వర్క్‌షాపు నడిపారు. ప్యానెల్ బోర్డుల బాక్సులు, డక్టులు, కంట్రోల్ డెస్కులు. మా చిన్నప్పుడు ఇంట్లో మాటలన్నీ షియరింగ్ (రేకు కోయడం), బెండింగ్ (వంచడం), ఇన్‌స్పెక్షన్ చుట్టూనే. బతుకంతా పెట్టెలు చేసిన మనిషి పెట్టెల మ్యూజియం చూస్తే ఏమంటారో వినాలని నాకు కుతూహలం.

మార్ఫా టెక్సాస్‌కి పడమటి కొసన, మెక్సికో సరిహద్దుకి 60 మైళ్ల దూరంలో ఉన్న చిన్న ఊరు. జనాభా 2 వేలు కూడా ఉండదు. చివావా ఎడారిలో ఉంది గానీ, ఎడారి అనగానే మనకి తోచే ఇసుక దిబ్బలేవీ కనపడవు. 4,600 అడుగులకి పైన ఎత్తులో ఒక మైదానం, కనుచూపు మేరా పచ్చగా పండిపోయిన గడ్డి, అంచున కొండలు. 1880లలో రైలింజన్లకి నీళ్లు పట్టడానికి వెలిసిన ఊరు. 1911 నుంచి గుర్రపు దళం అక్కడ మకాం వేసింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యం సర్దుకుని వెళ్లిపోయింది. షెడ్లు, బ్యారక్‌లు మిగిలాయి.

వాటి మీద కన్నేసినవాడు డొనాల్డ్ జడ్. 1946లో కుర్ర సిపాయిగా బస్సులో ఆ ప్రాంతం మీదుగా వెళ్తూ, వాన్ హార్న్ అనే ఊరి నుంచి వాళ్లమ్మకి టెలిగ్రాం కొట్టాడు: జనాభా 1,260, చక్కటి ఊరు, అందమైన ప్రాంతం, కొండలు అని. న్యూయార్క్‌లో పెద్ద కళాకారుడిగా పేరొచ్చాక 1971లో మళ్లీ ఇటు వచ్చాడు, తర్వాత మార్ఫాలో స్థలాలు కొని స్థిరపడిపోయాడు. మ్యూజియంలు ఒక కళాకృతిని కొన్నాళ్లు పెట్టి తీసేయడం, దానికి నప్పని గదిలో ఇరికించడం ఆయనకి గిట్టేది కాదు. ఏ వస్తువుకి తగిన చోటు దానికి చూపించాలి, పెట్టాక ఇక కదపకూడదు. ఇదీ పంతం. అందరూ ఆయన్ని మినిమలిస్టు, అంటే హంగులన్నీ తీసేసి సాదా ఆకారాలతో పనిచేసేవాడు అంటారు, ఆయనకేమో ఆ మాటంటే చిరాకు. పాత సైనిక శిబిరం ఉన్న 340 ఎకరాల్లో 1986లో తెరిచిన చినాటి ఫౌండేషన్ అనే ఆర్ట్ మ్యూజియం ఆ పంతం నుంచి పుట్టిందే, నేను చెప్పిన పెట్టెలుండేది అక్కడే.

డల్లాస్ నుంచి 500 మైళ్ల పైచిలుకు దారి. ఒక్కరోజులో వెళ్లొచ్చు గానీ నాన్న మోకాళ్ల సంగతి చూసుకుని మధ్యలో మిడ్‌ల్యాండ్‌లో రాత్రి ఆగాం. స్వీట్‌వాటర్ దగ్గర గాలిమరలు, మిడ్‌ల్యాండ్ దాటాక చమురు పంపులు. రోడ్డుకి రెండు వైపులా అవి తల ఊపుతూనే ఉంటాయి. పేకోస్ దగ్గర ఐ-20 దిగి, బాల్మరేయ, ఫోర్ట్ డేవిస్ మీదుగా 17వ నంబరు రోడ్డు పట్టుకుంటే మార్ఫా. ఆ రోడ్డెక్కే ముందే ట్యాంకు నింపుకోవాలి. సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

ఇంకో మాట. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు) ప్రింటు వెంట ఉంచుకోండి. బోర్డర్ పెట్రోల్‌కి ఆ ప్రాంతపు ప్రధాన కార్యాలయం మార్ఫాలోనే ఉంది. సరిహద్దు వైపు వెళ్లి పైకి తిరిగొచ్చే దారుల్లో చెక్‌పోస్టులుంటాయి. మేం అటు వెళ్లలేదు గానీ కాగితాలు చేతిలో ఉంటే టెన్షన్ ఉండదు. తిండి సంగతి కూడా ముందే చూసుకోవాలి. వారం మొదట్లో ఊళ్లో చాలా హోటళ్లు మూసేసి ఉంటాయి, శాకాహారులకి తెరిచినవాటిలోనూ పెద్దగా దొరకదు. మా డిక్కీలో చిన్న రైస్ కుక్కర్, పెరుగు డబ్బా, ఆవకాయ, మొదటి పూటకి పులిహోర ఉన్నాయి. బసకి మాత్రం రేట్లు చూసి గుండె గుభేల్మంది. ఆ చిన్న ఊళ్లో గదికి పెద్ద నగరాల ధర చెబుతున్నారు.

చినాటిలో అన్నీ చూపించే గైడెడ్ టూర్ తీసుకున్నాం. పొద్దున కొంత, మధ్యలో భోజనం విరామం, మధ్యాహ్నం మిగతాది. టికెట్లు ముందే బుక్ చేసుకోవడం మంచిది, ఒక్కో బృందంలో కొద్దిమందినే తీసుకెళ్తారు. మాతో ఉన్నవాళ్లంతా నల్ల బట్టల్లో, గుండ్రటి కళ్లజోళ్లతో ఉన్నారు. నాన్న ఒక్కరే మంకీ క్యాప్‌లో. నవంబర్ పొద్దున అక్కడ చలి గట్టిగానే ఉంది. గైడ్ చిన్నమ్మాయి, అక్కడే ఇంటర్న్‌షిప్ చేస్తోందట. బ్యాగులు లోపలికి వద్దు, లోపల ఫొటోలు వద్దు, ముఖ్యంగా చెయ్యి తగలనివ్వొద్దు అని చెప్పింది. ఆ అల్యూమినియానికి కోటింగ్ ఏదీ లేదు, మిల్లు నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది, వేలిముద్ర పడితే ఉండిపోతుందట. నేను తెలుగులో చెప్పబోయేలోపే నాన్న అర్థం చేసుకుని చేతులు వెనక్కి కట్టేసుకున్నారు. వర్క్‌షాపులో ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాళ్లు అలాగే నిలబడేవారు.

మొదట ఫిరంగుల షెడ్లు. రెండు పొడవాటి షెడ్లు, ఒకదాని వెనక ఒకటి. వాటి పాత కప్పు చదునుగా ఉండి కారేదట. జడ్ దాని మీద అర్ధచంద్రాకారంలో జీఐ షీటు కప్పు వేయించాడు, దాంతో ఎత్తు రెట్టింపయింది. పక్క గోడల్లో గ్యారేజీ తలుపులు తీసేసి, ఆ జాగా అంతటికీ గాజు కిటికీలు పెట్టించాడు. ఒక్కో కిటికీని నాలుగు సమాన భాగాలుగా విడగొట్టారు. లోపల ఒక షెడ్డులో 48, రెండోదాంట్లో 52 పెట్టెలు. మూడు వరుసల్లో. ప్రతి పెట్టె బయటి కొలత ఒకటే: 41 అంగుళాల ఎత్తు, 51 అంగుళాల వెడల్పు, 72 అంగుళాల పొడవు. లోపలి అమరిక మాత్రం వందలో ఏ రెండింటికీ ఒకటి కాదు. ఒకదానికి నడిమధ్య అడ్డుపలక, ఒకదానిలో ఏటవాలు పలక, ఒకదానికి పక్కలు లేవు, ఇంకోదానికి పైమూత కిందకి దిగి ఉంటుంది. 1982 నుంచి 1986 దాకా పట్టింది ఇవన్నీ చేసి పెట్టడానికి. జడ్ స్వయంగా కోసి బిగించలేదు. డ్రాయింగులు ఇచ్చాడు, కనెక్టికట్‌లోని లిప్పిన్‌కాట్ అనే కంపెనీ తయారుచేసింది.

ఈ ముక్క నాన్నకి చెప్పగానే ఆయన మొహం వెలిగింది. "అంటే జాబ్ వర్క్!" అన్నారు.

మిగతావాళ్లు మొత్తం హాలుని ఒక్కసారిగా చూస్తూ మెల్లగా నడుస్తున్నారు. నాన్న మొదటి పెట్టె దగ్గరే ఆగిపోయారు. వంగి మూలలు చూశారు. "వెల్డింగ్ మచ్చ ఎక్కడా లేదు చూడమ్మా. షీటు కాదిది, ప్లేటు. బెండ్ చెయ్యలేదు. కోసి, అంచుకి అంచు కూర్చారు. ఇందులో అర మిల్లీమీటరు తేడా వచ్చినా ఆ మూల దగ్గర సందు కనపడుతుంది." తర్వాత పక్క పెట్టెకి, దాని పక్క పెట్టెకి. వరుస చివరికి వెళ్లి ఒక కన్ను మూసి, అంచులన్నీ ఒకే గీత మీద ఉన్నాయా అని చూశారు. "నేల పాతది కదా, లెవెల్ ఎట్లా తెచ్చారో అడుగు" అన్నారు. గైడ్ నవ్వి, ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, కనుక్కుని చెబుతానంది.

నా సంగతి వేరు. నాకు పెట్టెల కన్నా వాటి మీద జరుగుతున్నది ఎక్కువ కనపడింది. ఎండ కిటికీలోంచి నేల మీద పడి, నేల మీంచి లేచి పెట్టె పక్కకి తగిలేది. అక్కడ బయటి గడ్డి రంగు పారుతోంది. రెండడుగులు జరిగితే ఆ పక్క మొత్తం ఆకాశం రంగుకి మారిపోయింది. ఇంకో రెండడుగులకి పక్కే మాయమైంది, వెనకున్న పెట్టె కనపడుతోందో, ఎదుటిది అద్దమై చూపిస్తోందో తేల్చుకోలేక తల అటూ ఇటూ తిప్పాను. ఏటవాలు పలక ఉన్నదాంట్లో ఒక వైపు తెల్లగా మండుతోంటే అదే పలక రెండో వైపు నల్లగా ఉంది. పొద్దెక్కే కొద్దీ ఇదంతా జరిగిపోతూనే ఉంటుంది. ఏసీ లేదు, దీపాలతో వెలిగించే ఏర్పాటు లేదు. ఎండే దీపం. నిక్కచ్చిగా కొలిచి చేసిన వస్తువులు కాబట్టే వెలుతురు చేసే పనులు ఇంత స్పష్టంగా తెలుస్తున్నాయనిపించింది. నాన్న అన్న అర మిల్లీమీటరు సందు ఉండి ఉంటే నా కన్ను అక్కడే ఇరుక్కుపోయేది. అంటే ఆయన చూసిందీ నేను చూసిందీ ఒకటే, చెరో వైపు నుంచి.

షెడ్డు గోడ మీద జర్మన్ అక్షరాలు అలాగే ఉంచారు. యుద్ధకాలంలో జర్మన్ ఖైదీలు ఇక్కడ ఉండేవాళ్లు. ఒక రాత, బుర్ర పోగొట్టుకునే కంటే వాడుకోవడం మేలని హెచ్చరిక. జడ్ దాన్ని చెరిపేయించలేదు.

ఈ షెడ్లకి పెట్టిన డబ్బు కథ ఇంకా బాగుంటుంది. 1970ల చివర్లో ఈ స్థలం కొని, పనులు చేయించడానికి ముందుకొచ్చింది న్యూయార్క్‌లోని డియా ఆర్ట్ ఫౌండేషన్. డియాకి ఆ డబ్బు వచ్చింది వ్యవస్థాపకుల్లో ఒకరైన ఫిలిప్పా డి మెనిల్ వారసత్వం నుంచి, అంటే ష్లంబర్జే షేర్ల నుంచి. మన ఇంజనీర్లు బోలెడుమంది పనిచేసే ఆ చమురు సర్వీసుల కంపెనీయే. 1980లలో చమురు ధర పడిపోయేసరికి షేరు పడింది, డియా చేతులెత్తేసే పరిస్థితి వచ్చింది. జడ్ కోర్టుకెక్కుతానన్నాడు. చివరికి రాజీలో స్థలం, కళాకృతులు అన్నీ కొత్తగా పెట్టిన చినాటి ఫౌండేషన్ చేతికొచ్చాయి. దారంతా తల ఊపిన పంపులకీ ఈ పెట్టెలకీ చుట్టరికం ఉందన్నమాట. నాన్నకి ఇది చెబితే "పార్టీ పేమెంటు ఆపితే వర్కు ఎట్లా ఆగుతుందో నాకు తెలుసులే" అన్నారు.

చినాటిలో జడ్‌వే కాదు, వేరే కళాకారులవీ ఉన్నాయి. తర్వాత చూసినవి డాన్ ఫ్లావిన్ ట్యూబులైట్లు. ఆరు బ్యారక్‌లు, ఒక్కోటి ఆంగ్ల యు అక్షరం ఆకారంలో ఉంటుంది. వంపు దగ్గర ఏటవాలుగా వంగిన నడవాలు, వాటికి అడ్డంగా గులాబీ, ఆకుపచ్చ, పసుపు, నీలం ట్యూబులు. ఫ్లావిన్ 1996లో ప్లాను ముగించి అదే ఏడాది చనిపోయాడు, ఇది పూర్తయింది 2000లో. మొదటి రెండు బ్యారక్‌లు గులాబీ, ఆకుపచ్చ. తర్వాతి రెండు పసుపు, నీలం. చివరి రెండింట్లో నాలుగు రంగులూ. ఆకుపచ్చ వెలుగులో కాసేపు నిలబడి బయటికొస్తే లోకమంతా కాస్త గులాబీగా కనపడుతుంది, అది బాగుంది. కానీ ఆరు చోట్లా అదే నడక నడిపించడం నాకు ఎక్కువనిపించింది. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి నాన్న బయట గట్టు మీద కూర్చుని, ఇన్ని ట్యూబులకి చోకులు ఎవరు మారుస్తున్నారో అని లెక్కలేస్తున్నారు. నిజమే, ఫ్లోరసెంట్ ట్యూబుల తయారీ ఎక్కడికక్కడ ఆగిపోతున్న రోజుల్లో అది చిన్న సమస్యేం కాదు.

రాబర్ట్ ఇర్విన్ 2016లో పూర్తిచేసిన కట్టడం పాత మిలటరీ ఆస్పత్రి ఉన్న చోట ఉంది. సగం చీకటి, సగం వెలుతురు, మధ్యలో పల్చటి తెరలు. నాకు బాగానే ఉంది గానీ పొద్దున పెట్టెల ముందు తేలిపోయింది.

ఇల్యా కబకోవ్ చేసిన "స్కూల్ నంబర్ 6" మాత్రం వదలకూడదు. ఒక బ్యారక్ మొత్తాన్ని ఎప్పుడో మూసేసిన సోవియట్ బడిగా మార్చాడాయన. విరిగిన బెంచీలు, దుమ్ము పట్టిన నోటు పుస్తకాలు, గోడల మీద పిల్లల ఆటల, మీటింగుల గుర్తులు. మిగతా అంతటా వస్తువుని శుభ్రంగా, తడి గుడ్డతో తుడిచినంత స్పష్టంగా పెడితే, ఇక్కడ దుమ్మునే పదిలంగా ఉంచారు.

అదే ఊళ్లో ఇంకో బడి ఉంది. టూర్లో భాగం కాదు, మేం మర్నాడు వెతుక్కుని వెళ్లాం. బ్లాక్‌వెల్ స్కూల్. 1965 దాకా మెక్సికన్ అమెరికన్ పిల్లల్ని వేరుగా కూర్చోబెట్టి చదివించిన మట్టి ఇటుకల బడి. 1954లో అక్కడ పిల్లల చేత కాగితాల మీద స్పానిష్ మాటలు రాయించి, పెట్టెలో పెట్టి, జెండా కంబం దగ్గర పాతిపెట్టించారు. ఇకమీదట బడిలో స్పానిష్ చచ్చిపోయిందని చెప్పడానికి. ఇప్పుడది జాతీయ చారిత్రక స్థలం. తెలుగులో మాట్లాడినందుకు పిల్లల మెడలో పలక వేసి నిలబెట్టారన్న వార్తలు మన దగ్గరా చదివాం కదా, నాన్న వెంటనే అవి గుర్తుచేసుకున్నారు. కళ కోసం మార్ఫా వెళ్లేవాళ్లలో చాలామంది ఈ బడి ముందు నుంచే కాఫీ కప్పులు పట్టుకుని వెళ్లిపోతారు. న్యూయార్క్ వాళ్లు మట్టి ఇళ్లు కొనడం మొదలయ్యాక ధరలు, వాటితోపాటు పన్నులు పెరిగి, తరాలుగా ఉన్న కుటుంబాలకి ఊరు బరువైంది. జడ్‌ని ఎంత మెచ్చుకున్నా ఈ లెక్క కూడా పక్కన రాసుకోవాలి.

ఊరి మధ్యలో పాత ఉన్ని గోదాములో జాన్ చాంబర్లేన్ శిల్పాలున్నాయి. కార్ల రేకులు నలిపి, నొక్కి, రంగులతో సహా కూర్చినవి. పొద్దున అర మిల్లీమీటరు దగ్గర మురిసిపోయిన నాన్నకి ఇవి చూస్తే ఒళ్లు మండింది. "ఇది ఆటోనగర్‌లో కిలోల లెక్కన అమ్ముతారు." నేను వాదించలేదు. నాకు మాత్రం నచ్చాయి.

టూర్ అయ్యాక సాయంత్రం, ఆరుబయట ఉన్న జడ్ కాంక్రీటు పెట్టెల దగ్గరికి మేమే నడిచాం. వీటికి గైడ్ అక్కర్లేదు. స్థలం అంచు వెంట ఒక కిలోమీటరు పొడవునా 15 గుంపులు, 1980 నుంచి 1984 మధ్య అక్కడికక్కడే పోతపోసి నిలబెట్టినవి. ఒక్కో పెట్టె రెండున్నర మీటర్ల ఎత్తు, అంతే వెడల్పు, ఐదు మీటర్ల పొడవు, గోడ మందం 25 సెంటీమీటర్లు. "కల్వర్టు బాక్సులు" అన్నారు నాన్న చూడగానే. నిజంగా అలాగే ఉన్నాయి. కానీ లోపలికి తొంగి చూస్తే అవతలి నోరు ఒక కొండనీ కాస్త గడ్డినీ కత్తిరించి చూపిస్తుంది. తర్వాతి గుంపులో కోణం మారుతుంది, అదే కొండ ఇంకో చోట తెగుతుంది. గుంపుకీ గుంపుకీ మధ్య నడక ఉంది కాబట్టి చూసింది మనసులో కుదురుకునే వ్యవధి దొరుకుతుంది. ఇక్కడ పాముల గురించి బోర్డు ఉంది, బూట్లు వేసుకెళ్లండి. దూరంగా ప్రాంగ్‌హార్న్ జింకలు కూడా కనపడ్డాయి. నాన్న ఐదో గుంపు దగ్గర మోకాళ్లు పట్టేశాయని ఆగిపోయారు. నేను చివరిదాకా వెళ్లొచ్చాను. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు దీనికి వేరే పూట పెట్టుకోవడం నయం. షెడ్ల రోజే ఇది కూడా అంటే వాళ్ల కాళ్లు ఒప్పుకోవు.

వెనక్కి బయల్దేరే ముందు 90వ నంబరు రోడ్డు మీద వాలెంటైన్ వైపు వెళ్లి ప్రాడా మార్ఫా కూడా చూశాం. 2005లో ఎల్మ్‌గ్రీన్, డ్రాగ్‌సెట్ అనే ఇద్దరు కళాకారులు ఖరీదైన ఫ్యాషన్ బ్రాండు ప్రాడా పేరుతో కట్టిన నకిలీ షాపు, తలుపు తెరుచుకోదు. కొత్తలోనే దొంగలు పడి సరుకు ఎత్తుకెళ్లారు. లోపలున్న చెప్పులన్నీ కుడికాలివే. ఫొటో దిగడానికి జనం బారులు తీరారు, మేమూ దిగాం. నాకు అది ఒక జోకు, ఒకసారి నవ్వుకుంటే అయిపోయింది. దారిలో సరిహద్దు నిఘా రాడార్ బెలూన్ తెల్లగా ఆకాశంలో వేలాడుతోంది. నాన్న అది కూడా ఆర్టేనా అని అడిగారు.

మర్నాడు తిరుగు ప్రయాణంలో పేకోస్‌లో టిఫిన్‌కి ఆగినప్పుడు నాన్న బిల్లు వెనక ఏదో రాస్తున్నారు. చూస్తే ఎస్టిమేటు. ప్లేటు, కటింగు, మిషనింగు, ప్యాకింగు, కనెక్టికట్ నుంచి మార్ఫాకి లారీ కిరాయి, ఒక్కో పెట్టెకి ఇంత అని. ఆఖర్న రిజెక్షన్ అని రాసి ఎదురుగా ఖాళీ వదిలారు. వందకి వంద మొదటిసారే పాసయ్యాయంటే ఆయన ఒప్పుకోరట. ఎన్ని వెనక్కి పంపారో ఆ గైడ్‌కి మెయిల్ పెట్టమన్నారు, నేల లెవెల్ సంగతితో కలిపి. పెట్టాను. నాన్న రోజూ పొద్దున కాఫీ తాగుతూ జవాబొచ్చిందా అని అడుగుతున్నారు.